పన్నెండు సెకన్ల వెనుక పన్నెండేళ్లు: విమాన చరిత్రను తెలుగులో రాసేవారికి బహిరంగ లేఖ

పాఠ్యపుస్తకాల్లో, పిల్లల పత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో, తెలుగు వికీపీడియాలో విజ్ఞాన విషయాలు రాస్తున్న మిత్రులందరికీ నమస్కారం.

డిసెంబరు 17 దగ్గర పడుతుందనగానే విమానం పుట్టిన కథ మన పత్రికల్లో ఏటా ఒకసారి వస్తుంది. అమెరికాలోని డేటన్ ఊళ్లో సైకిళ్ల దుకాణం నడుపుకునే రైట్ సోదరులు రెక్కలకు ఇంజను తగిలించి, 1903లో కిట్టీ హాక్ దగ్గరి ఇసుక దిబ్బల వద్ద 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరారన్నది ఆ కథ. ఇందులో అబద్ధమేమీ లేదు. నా ఫిర్యాదల్లా కథను మొదలుపెడుతున్న చోటు గురించే. అంతకు ఏడాది ముందు, 1902లో, అవే దిబ్బల మీద నుంచి అదే అన్నదమ్ములు ఇంజను లేని గ్లైడరు మీద బోర్లా పడుకుని 26 సెకన్ల పాటు గాలిలో జారుతూ 622 అడుగులకు పైగా వెళ్లారు. అంటే మనం పండగ చేసుకునే ఆ ప్రయాణం కంటే ఐదు రెట్ల దూరం, రెండు రెట్ల సమయం. అంతకు పదకొండేళ్ల ముందే, 1891లో, జర్మనీలో పోట్స్‌డామ్ దగ్గరి డెర్విట్స్ పల్లెలో ఒట్టో లిలియెంతాల్ అనే ఇంజనీరు గుట్ట మీద నుంచి పరుగెత్తి పాతిక మీటర్లు గాలిలో తేలాడు. 1896లో పడి చనిపోయేలోగా ఆయన దాదాపు రెండు వేల సార్లు ఎగిరాడు, ఒక్కోసారి 250 మీటర్ల దాకా వెళ్లాడు. ఈ పన్నెండేళ్లు మన వ్యాసాల్లో ఒక్క వాక్యంలో ముగుస్తాయి, లేదంటే ఆ ఒక్క వాక్యమూ ఉండదు.

ఈ లేఖ రాసే అర్హత నాకేముందంటే, ఆ తప్పు నేనూ చేశాను. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక మాసపత్రికకు విమానం మీద వ్యాసం రాస్తూ, లిలియెంతాల్ వేసిన గాలి ఒత్తిడి లెక్కలు తప్పని రైట్ సోదరులు కనిపెట్టి సరిదిద్దారని రాశాను. ఒక ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉంది, దాన్ని దించేశాను. ఆ పుస్తకం రాసినాయనా మరో పుస్తకంలోంచి దించి ఉంటాడు. తీరిక దొరికాక, ఆ కాలపు పత్రికల స్కాన్ ప్రతులను ఇంట్లో కూర్చుని చదవగలిగిన తరవాత గాని అది ఎంత సగం నిజమో నాకు తెలిసిరాలేదు.

ఆ పత్రికలు ఇప్పుడు చాలా వరకు అందుబాటులో ఉన్నాయి. 1893లో పారిస్‌లో మొదలైన 'లాయెరోఫిల్' సంచికలను ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం గాలికా అనే తన అంతర్జాల భాండాగారంలో పెట్టింది. బోస్టన్‌లో జేమ్స్ మీన్స్ అనే ఆయన 1895, 1896, 1897 సంవత్సరాల్లో మూడే మూడు సంపుటాలుగా తెచ్చిన 'ఏరోనాటికల్ ఆన్యువల్' ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. షికాగో కేంద్రంగా నడిచిన వెస్టర్న్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ పత్రిక పాత సంపుటాలూ స్కాన్ అయ్యాయి. రైట్ సోదరుల ఉత్తరాలు, డైరీలు, గాజు పలకల మీది ఛాయాచిత్రాలు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారు చూపిస్తున్నారు. 1913 నాటి డేటన్ వరదల్లో ఆ గాజు పలకల్లో కొన్ని తడిసిపోయాయి. అంచుల్లో పొర లేచిపోయిన ఆ మరకలు స్కాన్‌లోనూ కనిపిస్తాయి. ఒకప్పుడు మద్రాసు, కలకత్తా గ్రంథాలయాలకు వెళ్లినా ఇవన్నీ ఒకచోట చూసే అవకాశం ఉండేది కాదు.

నా తప్పు దగ్గరికే మళ్లీ వస్తాను, ఎందుకంటే ఒక అంకె పత్రికల మీదుగా ఖండాలు దాటిన తీరు అందులో ఉంది. వంపు తిరిగిన రెక్క గాలికి ఏ కోణంలో ఉంటే ఎంత బలం పుడుతుందో లిలియెంతాల్ కొలిచి పట్టికగా వేశాడు. అది మోడెబెక్ అనే జర్మన్ సైనికాధికారి కూర్చిన చేతిపుస్తకంలోకి ఎక్కింది. అక్కడి నుంచి ఆక్టేవ్ షనూట్ చేతిలో పడింది. షనూట్ రైలు వంతెనలు కట్టిన ఇంజనీరు. ఎగిరే యంత్రాల పిచ్చితో, అరవై దాటిన వయసులో, 1896 వేసవిలో మిచిగన్ సరస్సు ఒడ్డు ఇసుక దిబ్బల మీద గుడారాలు వేయించి, కుర్రవాళ్ల చేత గ్లైడర్లు ఎగరేయించినవాడు. వంతెనలకు వేసే అడ్డ కమ్ముల పద్ధతిలోనే తీగెలతో బిగించి ఆయన బృందం తయారుచేసిన రెండంతస్తుల రెక్క తరవాతి ఇరవై ఏళ్ల రెండంతస్తుల విమానాలకు అస్థిపంజరం అయింది. మీన్స్ తెచ్చిన 1897 సంపుటంలో షనూట్ వ్యాసంతో పాటు ఆ పట్టిక అచ్చయింది. డేటన్‌లో విల్బర్ రైట్ దాన్ని చదివి తన గ్లైడరు రెక్క కొలతలు వేసుకున్నాడు.

1901లో ఆ కొలతలతో కట్టిన గ్లైడరు, లెక్క ప్రకారం రావలసిన బలంలో మూడో వంతే ఇచ్చింది. తప్పెక్కడ? పట్టికలోని అంకె ఒక్కదానితోనే బలం తేలదు. దాన్ని రెక్క వైశాల్యంతో, గాలి వేగపు వర్గంతో గుణించి, ఆ పైన ఒక స్థిర సంఖ్యతో గుణించాలి. ఆ సంఖ్య పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు ఇంజనీరు జాన్ స్మీటన్ పేరు మీద గాలిమరల లెక్కల కాలం నుంచి 0.005గా చెలామణి అవుతోంది. రైట్ సోదరులు తమ గ్లైడరు కొలతల నుంచే లెక్కగట్టి అది 0.0033 దగ్గర ఉండాలని తేల్చారు. అసలు పెద్ద దోషం అక్కడుంది. రెండోది, లిలియెంతాల్ పట్టిక ఆయన వాడిన రెక్క ఆకారానికి, ఆ వంపుకు, ఆ పొడవు వెడల్పుల నిష్పత్తికి మాత్రమే చెల్లుతుంది. వేరే ఆకారానికి దాన్ని తగిలిస్తే పొరపాటు పట్టికది కాదు, తగిలించినవారిది. ఆ సంగతి అన్నదమ్ములే గ్రహించారు. 1901 చివర్లో ఆరడుగుల చెక్క పెట్టెతో గాలి సొరంగం చేసుకుని, చిన్న చిన్న రేకు రెక్కలను రెండు వందల దాకా పరీక్షించాక, లిలియెంతాల్ తాము అనుకున్నదాని కంటే సత్యానికి చాలా దగ్గరగా ఉన్నాడని విల్బరే షనూట్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు. నేను చదవకుండానే, చనిపోయిన ఒక మనిషి మీద తప్పు మోపాను.

ఇక్కడ మీకొక హెచ్చరిక. విల్బర్ 1901 సెప్టెంబరు 18న షికాగోలో ఇంజనీర్ల సభలో చేసిన ప్రసంగం అదే సంవత్సరం డిసెంబరు సంచికలో అచ్చయింది. అందులో ఆయన పాత పట్టికలను అనుమానించాడు. ప్రసంగించే నాటికి గాలి సొరంగం పరీక్షలు మొదలు కాలేదు. కాబట్టి ఆ ప్రసంగం ఒక్కటే చదివినవారు నాలాగే పొరపడతారు. మూలాన్ని చూశాం గదా అని నిశ్చింతగా ఉండకుండా, ఆ మూలం ఏ తేదీ నాటిది, ఆ తరవాత అదే మనిషి ఏమన్నాడు అన్నది కూడా చూడాలి.

హెచ్చరిక చెప్పాను గాని, ఆ ప్రసంగాన్ని మాత్రం చదవకుండా వదలకండి. దాన్ని తెలుగు విద్యార్థికి చేర్చగలిగితే చాలు, ఎగరడం ఎందుకంత కష్టమైందో వేరే వివరించనక్కరలేదు. సభ మధ్యలో విల్బర్ ఒక కాగితం ముక్కను తీసుకుని, నేలకు సమాంతరంగా పట్టుకుని, ఒక్కసారి వదిలేస్తే ఏమవుతుందో చెబుతాడు. బుద్ధిగా కిందికి దిగవలసిన కాగితం మర్యాదలన్నీ తోసిరాజని, పల్టీలు కొడుతూ, అటూ ఇటూ దూసుకుపోతూ, మచ్చిక చేయని గుర్రంలా ప్రవర్తిస్తుంది. మనిషి ఎక్కి స్వారీ నేర్చుకోవలసింది అటువంటి గుర్రం మీద. గుర్రాన్ని లొంగదీయడానికి రెండు మార్గాలున్నాయట. ఒకటి, ఎక్కి కూర్చుని దాని కుదుపులను ఒంటికి పట్టించుకోవడం. రెండోది, కంచె మీద కూర్చుని కాసేపు దాన్ని గమనించి, ఇంటికి పోయి తీరిగ్గా ఉపాయం ఆలోచించడం. రెండోదే క్షేమం, కానీ మొత్తం మీద మంచి రౌతులు తయారయ్యేది మొదటి దారిలోనే అంటాడు.

ఆ పైన లిలియెంతాల్ గురించి ఒక లెక్క చెబుతాడు. ఐదేళ్లలో ఆయన గాలిలో ఉన్నది మొత్తం కలిపి ఐదు గంటలే. ఆయన అంత సాధించడమే ఆశ్చర్యం గాని ఇంకా సాధించకపోవడం కాదు. పది సెకన్ల ముక్కలుగా ఐదేళ్ల మీద పరుచుకున్న ఐదు గంటల సాధనతో రద్దీ వీధిలో సైకిలు తొక్కడం క్షేమమని ఎవరైనా అనుకుంటారా అని ఆ సైకిళ్ల వ్యాపారి అడుగుతాడు. రైట్ సోదరుల పని మొత్తం ఈ ప్రశ్నకు జవాబుగా సాగింది. బలమైన ఎదురుగాలి వీచే చోటును వెతుక్కుని కిట్టీ హాక్ వెళ్లింది, గాలిలో ఎక్కువసేపు నిలవడానికి. 1902లో సుమారు ఐదు వారాల్లో 700 నుంచి 1000 దాకా గ్లైడింగులు చేసింది, చేతికి వాటం రావడానికి.

మన పాఠాల్లో ఇంజను గురించి ఉంటుంది, వాటం గురించి ఉండదు. లిలియెంతాల్ తన గ్లైడరు మధ్యలో చేతుల మీద వేలాడుతూ, కాళ్లను, నడుమును అటూ ఇటూ ఊపి తూకం సరిచేసుకునేవాడు. దాని బరువు 20 కిలోలు, రెక్క వైశాల్యం 13 చదరపు మీటర్లు. 500 మార్కులకు అమ్మాడు కూడా. కొన్నవారిలో మాస్కోలోని శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ ఒకరు. 1896 ఆగస్టు 9న స్టోల్న్ ఊరి పక్కన గోలెన్‌బెర్గ్ గుట్ట మీద గాలి ఉధృతికి గ్లైడరు ముక్కు పైకి లేచి ఆగిపోతే, ఒంటిని ఊపడం సరిపోలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడి, మరుసటి రోజు బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆయన చివరి మాటలంటూ త్యాగాలు తప్పవనే వాక్యం ఒకటి ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. సమాధి మీద చెక్కి ఉన్న మాట నిజమే గాని, దాన్ని ఆయన అన్నాడని ఆ కాలపు కాగితాల ఆధారంతో చెప్పగలిగితేనే రాయండి.

రైట్ సోదరులు ఒంటిని ఊపే పద్ధతిని వదిలేసి, రెక్కల చివరలను తీగెలతో మెలితిప్పే ఏర్పాటు చేశారు. ఒకవైపు రెక్క ఎక్కువ బలం పుట్టిస్తే గ్లైడరు రెండోవైపుకు ఒరుగుతుంది, ఒరిగి మలుపు తిరుగుతుంది. ఆచరణలో మాత్రం ఎక్కువ బలం పుట్టించే రెక్కే గాలిని ఎక్కువగా అడ్డుకుని వెనకబడి, గ్లైడరును ఎదురు దిశలో తిప్పి ఇసుకలోకి దింపేది. దీనికి వాళ్లు బావి తవ్వడమని ముద్దుపేరు పెట్టుకున్నారు. వెనక నిలువు చుక్కానిని కదిలేలా చేసి, దాన్ని మెలితిప్పే తీగెలకే కలపడంతో 1902లో ఆ చిక్కు వీడింది. వాళ్ల ప్రసిద్ధమైన పేటెంటు దరఖాస్తు తేదీ చూడండి: 1903 మార్చి 23. ఇంజనుతో ఎగరడానికి తొమ్మిది నెలల ముందు. 1906లో మంజూరైన ఆ పేటెంటు బొమ్మల్లో ఇంజనూ లేదు, పంఖాలూ లేవు. ఉన్నది గ్లైడరు మాత్రమే. వాళ్ల దృష్టిలో కనిపెట్టవలసింది అప్పటికే కనిపెట్టేశారు. ఈ ఒక్క తేదీ మీ వ్యాసంలో చేరినా కథ స్వరూపం మారిపోతుంది.

ఆ గ్లైడరు సమాచారం ఐరోపాకు చేరింది కూడా పత్రిక ద్వారానే. షనూట్ 1903 ఏప్రిల్‌లో పారిస్ ఏరోక్లబ్‌లో మాట్లాడి, ఆగస్టు 'లాయెరోఫిల్' సంచికలో 1902 గ్లైడరు బొమ్మలతో వ్యాసం ప్రచురించాడు. ఫ్రెంచివారు దాన్ని చూసి గ్లైడర్లు కట్టడం మొదలుపెట్టారు. ఆ ఏరోక్లబ్ ప్రముఖుడు ఆర్చ్‌డీకన్ 1904లో బెర్క్ సముద్రతీరాన గేబ్రియల్ వోజాన్ చేత ఎగరేయించాడు. అయితే వ్యాసంలోని వివరాలు పూర్తివి కావు, తీగెల ఏర్పాటు సంగతి వారికి సరిగా అందలేదు. ఎస్నో-పెల్తెరీ అనే యువ ఇంజనీరు తాను విన్నంత వరకు కట్టి చూసి, రెక్కలు మెలితిప్పడం ప్రమాదకరమని 1905లో అదే పత్రికలో రాశాడు. ఆ సంచికలను వరసగా తిరగేస్తుంటే, ఒక దేశమంతా సరైన బొమ్మను చేతిలో పట్టుకుని తప్పుగా చదువుతున్న దృశ్యం కళ్ల ముందు కదులుతుంది. ఏ చరిత్ర పుస్తకమూ ఆ అనుభవం ఇవ్వలేదు.

వెతకడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే స్కాన్ ప్రతులు ఉన్నంత మాత్రాన అవి దొరకవు. యార్క్‌షైర్ జమీందారు సర్ జార్జ్ కేలీ 1852 సెప్టెంబరు 25 నాటి 'మెకానిక్స్ మ్యాగజైన్'లో మనిషిని మోసే గ్లైడరు బొమ్మను, వివరాలను ప్రచురించాడు. చరిత్రకారుడు గిబ్స్-స్మిత్ 1960 ప్రాంతంలో మళ్లీ బయటికి తీసేదాకా, వందేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవారు లేరు. కేలీ దాన్ని గ్లైడరు అనలేదు, అదుపు చేయగల పారాచూట్ అన్నాడు. మీరు గ్లైడరని వెతికితే ఈనాటికీ అది దొరకదు. అలాగే ఆ కాలపు ఇంగ్లీషులో ఏరోప్లేన్ అంటే చాలాచోట్ల మొత్తం యంత్రం కాదు, దాని రెక్క పలక. ఏవియేషన్ అనే మాట కోసం వెతికితే ఇంగ్లీషు పత్రికల్లో తొలి రోజులన్నీ జారిపోతాయి. 'ఏరియల్ నావిగేషన్', 'సోరింగ్' లాంటి మాటలతో వెతకాలి.

కేలీ కథలో మన పత్రికలకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. 1853లో ఆయన గ్లైడరు ఎక్కి లోయ దాటిన బండివాడు దిగీ దిగగానే, నన్ను బండి తోలడానికి పెట్టుకున్నారు గాని ఎగరడానికి కాదని చెప్పి ఉద్యోగం మానేస్తానన్నాడట. ఇది కేలీ మనవరాలు చిన్ననాటి జ్ఞాపకంగా 1921లో చెప్పిన మాట. 1852 నాటి అచ్చు పత్రికది ఒక స్థాయి ఆధారం, దాదాపు డెబ్బై ఏళ్ల తరవాతి జ్ఞాపకానిది మరో స్థాయి. రెండూ రాయండి, కానీ ఏది ఏదో పాఠకుడికి తెలిసేలా రాయండి.

విమాన పత్రికలకే పరిమితం కావద్దు కూడా. ఎగిరే యంత్రాల మీద షనూట్ రాసిన గ్రంథం మొదట రైల్వే ఇంజనీర్ల పత్రికలో ధారావాహికగా వచ్చింది. 1904 సెప్టెంబరు 20న రైట్ విమానం మొదటిసారి పూర్తి చుట్టు తిరగడాన్ని కళ్లారా చూసిన ఏమోస్ రూట్, ఆ వర్ణనను 1905 జనవరి 1న తాను నడిపే తేనెటీగల పెంపకం పత్రికలో అచ్చువేశాడు. ఏడాది తరవాత, 1906 జనవరి 13న, ఘనత వహించిన 'సైంటిఫిక్ అమెరికన్' రైట్ సోదరుల విజయాలను కట్టుకథలన్నట్టు రాసింది. పత్రిక హోదాను బట్టి నమ్మకం కుదుర్చుకునే వారికి ఈ రెండు సంచికలనూ పక్కపక్కన పెట్టి చూపించాలని నాకెప్పుడూ సరదా.

స్కాన్లలో లోపాలూ ఉన్నాయి. మడతలు విప్పకుండా స్కాన్ చేయడం వల్ల పెద్ద నమూనా బొమ్మలు సగమే కనిపించే సంపుటాలున్నాయి. బైండింగు చేసినవారు అట్టలను, ప్రకటనల పేజీలను చింపేయడంతో సంచిక తేదీ తెలియకుండా పోయినవి ఉన్నాయి. జర్మన్ గోథిక్ అక్షరాలను ఓసీఆర్, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తించే యంత్రం, చదివితే 'ఎస్' చోట 'ఎఫ్' పడుతుంది కాబట్టి వెతికే మాట ఉన్నా దొరకదు. కొన్ని సంపుటాలు అమెరికాలో తెరుచుకుని మన దేశం నుంచి అడిగితే మూసుకుంటాయి. అంకె ఏదైనా ఎత్తి రాసుకునేటప్పుడు ఓసీఆర్ పాఠాన్ని నమ్మక, పేజీ బొమ్మను పెద్దదిగా చేసి చూడండి. 3ను 8గా చదివిన యంత్రం ఒకసారి నా చేత ఒక గ్లైడరును అరకిలోమీటరు ఎక్కువ ఎగరేయించింది.

గ్లైడరు కథ 1903తో ముగిసిపోయిందని కూడా రాయవద్దు. 1911 అక్టోబరు 24న ఆర్విల్ రైట్ మళ్లీ ఆ దిబ్బల మీదికే వెళ్లి ఇంజను లేకుండా 9 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచాడు. ఆ రికార్డు పదేళ్లు చెక్కుచెదరలేదు. దాన్ని దాటింది జర్మన్లు, అదీ వర్సాయ్ సంధి వారి ఇంజను విమానాలకు కళ్లెం వేసిన తరవాత. 'ఫ్లూగ్‌ష్పోర్ట్' పత్రిక సంపాదకుడు ఆస్కార్ ఉర్సీనుస్ ఇచ్చిన పిలుపుతో 1920 వేసవిలో విద్యార్థులు, మాజీ సైనికులు తాము కట్టుకున్న గ్లైడర్లతో రోన్ కొండల్లోని వాసర్‌కుప్పె శిఖరానికి చేరారు. ఆ ఏడాది విజేత ఎగిరింది రెండు నిమిషాల పైచిలుకు. 1922 ఆగస్టు 18న హానోవర్ విద్యార్థుల గ్లైడరు వాంపైర్ మీద మార్టెన్స్ గంటకు పైగా గాలిలో ఉన్నాడు. రెండేళ్లలో నిమిషాలు గంటలయ్యాయి. కొండవాలుకు కొట్టుకుని పైకి లేచే గాలిని వదలకుండా, ఆ వాలు వెంబడే అటూ ఇటూ తిరగడం అందులోని కిటుకు.

కొండ లేని చోట, ఎండకు నేల వేడెక్కి లేచే గాలిని పట్టుకుని ఎత్తుకు చేరడం గ్లైడరు పైలట్లకు 1920ల చివర్లో గాని పట్టుబడలేదు. మన దేశానికి నిజమైన సంబంధం ఉన్నది ఇక్కడ, అది మన వ్యాసాల్లో ఎక్కడా కనిపించదు. గంగా యమునా జలాలకు కలరా సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని 1896లో రాసిన అర్నెస్ట్ హాంకిన్ ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడు. ఆయన తీరిక వేళల్లో గద్దలను, రాబందులను గమనించి, పరిశీలనలన్నీ కూర్చి 1913లో పుస్తకం వేశాడు. ఉదయం ఎండ ముదిరేకొద్దీ మొదట తేలికైన గద్దలు, తరవాత బరువైన రాబందులు రెక్క ఆడించకుండా గిరికీలు కొట్టడం మొదలుపెడతాయని, ఎండ వల్ల తేలగలిగే స్థితి వేరు, వీచే గాలి వల్ల తేలగలిగే స్థితి వేరు అని ఆయన విడదీసి రాశాడు. వేసవిలో పది గంటలప్పుడు మేడ మీద వడియాలు ఎండబెట్టిన మన ఇంటివాళ్లందరికీ గద్ద గిరికీలు తెలుసు. ఏ పూట ఏ పక్షి ఎప్పుడు లేచిందో పట్టీ రాసినవాడు ఆయన. ఆ కారణాన్ని పూర్తిగా సరిగ్గా చెప్పలేకపోయినా పరిశీలన మాత్రం నిలిచింది. భారత విమానయానం మీద రాసేటప్పుడు ఈ ఆగ్రా ఉద్యోగికి ఒక పేరా ఇవ్వండి.

ఆ పేరాకు చోటు లేదంటారేమో. 1895లో బొంబాయి చౌపాటీలో శివకర్ బాపూజీ తల్పడే విమానం ఎగరేశాడనే కథకు మాత్రం ఏటా పేజీలు దొరుకుతున్నాయి. నేను కోరేది ఆ కథకూ ఇదే కొలబద్ద పెట్టమని. 1895 నాటి సంచిక ఏది, పేజీ ఏది, అందులో ఏముంది? ఆ కథకు ఆసరాగా చూపే, ప్రాచీనమని చెప్పే వైమానిక శాస్త్ర గ్రంథాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు 1974లో పరిశీలించి, అది ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల రచన అని, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరలేవని తేల్చారు. బెర్లిన్ ఇంజనీరు లిలియెంతాల్ పాతిక మీటర్ల ప్రయాణానికి తేదీ, చోటు, ఛాయాచిత్రం అడుగుతున్నప్పుడు, మనవాడన్న మమకారంతో ఇక్కడ అడగకపోవడం ఆ మనిషికీ గౌరవం కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే డిసెంబరు వ్యాసానికి కూర్చునే ముందు, 1897 ఏరోనాటికల్ ఆన్యువల్, 1901 డిసెంబరు నాటి షికాగో ప్రసంగం, 1903 ఆగస్టు లాయెరోఫిల్, 1903 మార్చి పేటెంటు బొమ్మలు, ఈ నాలుగింటినీ తెరవండి. తెలుగులో ఎత్తి రాసిన ప్రతి అంకె పక్కనా ఏ సంచికో, ఏ పేజీయో చెప్పండి. అడుగులను మీటర్లలోకి మార్చితే అసలు అంకెను కూడా ఉంచండి. పాఠ్యపుస్తకాల సంఘాల్లో ఉన్నవారు ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠంలో గ్లైడరుకు ఒక పేజీ కేటాయించి, కాగితం ముక్క ప్రయోగాన్ని పిల్లల చేత చేయించండి. దానికి ఖర్చు ఒక పాత నోటుబుక్కు కాగితం.

విల్బర్ ప్రసంగానికి నేను ఒక తెలుగు అనువాదం చేసుకుని ఉంచాను. ముద్రించదలచిన పత్రిక ఏదైనా అడిగితే పారితోషికం లేకుండా ఇస్తాను. రెక్క వంపుకు, వెనక్కి లాగే బలానికి నేను వాడిన తెలుగు మాటలు నాకే పూర్తిగా నచ్చలేదు, అంతకన్నా మంచివి తోచినవారు మార్చవచ్చు. నాకు జర్మన్ రాదు. లిలియెంతాల్ రాతలను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. హైదరాబాదులోనో, బెర్లిన్‌లోనో ఉన్న జర్మన్ వచ్చిన తెలుగువారు ఎవరైనా ఆయన వ్యాసాలను మూలంతో సరిచూసి పెడితే, నా వ్యాసంలోని పాత తప్పును ఈసారి పూర్తి ఆధారంతో దిద్దుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు